రబ్బరు రింగు

ఆ మనిషి తీసింది తిరిగి పెట్టడు. పాతికేళ్ళ కాపురంలో ఆవిడకి నికరంగా తేలిన విషయం ఇదొక్కటే.

పెట్టడు అనడం కూడా అన్యాయమేమో, అసలు పెట్టాలన్న ఊహే రాదు. కత్తెర తీసుకున్నాడంటే మళ్ళీ దాని మొహం చూసేది నెల్లాళ్ళ తర్వాత, ఏ దిండు కిందో. ఈలోపు ఇంట్లో వాళ్ళందర్నీ అనుమానించడం, పనిమనిషిని ఇబ్బంది పెట్టడం అన్నీ అయిపోతాయి. సీసా మూత గూట్లో ఉంటుంది, సీసా బాల్కనీలో ఉంటుంది. ఓసారి కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. "చల్లగా ఉంటుందని పెట్టారా?" అని అడిగింది ఆవిడ. "నీళ్ళ సీసా తీశానుగా. అది చేతిలోకి వచ్చింది, ఇది లోపలికి పోయింది," అన్నాడు, వర్షం ఎందుకు పడుతుందో పిల్లలకి చెప్పినంత తాపీగా.

ఇలాంటి మనిషి ఏ ఉద్యోగం చేస్తున్నాడో వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇళ్ళలో వాడే యంత్రాలకి, వాటిని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసేవాడు. మిక్సీ కొంటే అట్టపెట్టె అడుగున చిన్న పుస్తకం ఒకటి ఉంటుంది చూశారూ, అందరూ చదవకుండా సొరుగులో పడేసి, ఏదైనా పాడైనప్పుడు మాత్రం వెతుక్కునేది? అది. ఒకే కంపెనీకి పదిహేడేళ్ళుగా, ఇంటి దగ్గరే కూర్చుని రాసేవాడు. పక్క వాటాల వాళ్ళు ఆయన్ని 'మాన్యువల్ గారు' అనే పిలిచేవారు. అసలు పేరు పోస్టులో వచ్చే కవర్ల మీద మాత్రం ఉండేది.

ఆ పుస్తకాల్లో, శుభ్రం చేసే అధ్యాయం వచ్చిందంటే చివర్లో ఓ వాక్యం తప్పకుండా ఉంటుంది. 'తీసిన భాగాన్ని తిరిగి దాని చోట అమర్చండి.' అది ఆయన వేళ్ళతో టైపు చేసిందే. ఆయన బుర్రలో పుట్టింది మాత్రం కాదు.

ఆ పుస్తకాలన్నీ తయారైంది హాల్లో ఓ మూల, కదలని కంప్యూటర్‌లో. వెనక పొట్టున్న మానిటరు పోయి పల్చటిది వచ్చింది గానీ, బల్ల కింద డబ్బా మాత్రం మొదటి రోజుదే. దాని వెనక వైర్లు ఎంత పెనవేసుకుపోయాయంటే, చీపురు అక్కడిదాకా వెళ్ళి మర్యాదగా వెనక్కి తిరిగొచ్చేసేది. స్విచ్ వేస్తే ముందు ఓ మూలుగు, తర్వాత గరగర, ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగని కాసేపట్లోనే ఆవిడ టీ పెట్టేది. తెర మీద బొమ్మ రావడం, బల్ల మీదికి గ్లాసు రావడం ఒకేసారి. ఒక్కోరోజు కంప్యూటర్ మొరాయిస్తే, "ఏమోయ్, ఇవాళ నీ టీయే ముందొచ్చింది," అనేవాడు, పందెంలో ఓడిపోయినట్టు.

బల్ల ఆ మూలే ఎందుకుండేదంటే ఫోను వైరు అక్కడిదాకానే వచ్చింది గనక. ఆ మూల సరిగ్గా వంటింటికి ఎదురు. వంటింటికి తలుపు లేదు, వెడల్పాటి ఖాళీ మాత్రమే. ఆయన కుర్చీలో కూర్చుంటే వీపు వంటింటివైపు ఉండేది, తెరేమో ఆయన భుజం మీంచి తిన్నగా పొయ్యి వైపు చూసేది. దానికి తోడు అక్షరాలు ఎంత పెద్దవి పెట్టుకునేవాడంటే, తెర మొత్తానికి ఏడెనిమిది లైన్లు పడితే గొప్ప. ఎందుకంత పెద్దవని ఎవరైనా అడిగితే "కళ్ళు" అనేవాడు, అంతే. కూతురు మాత్రం ఊరుకునేది కాదు. "నాన్నా, ఇది పుస్తకమా, బస్సు మీద బోర్డా?" అని ఏడిపించేది.

అందుకని ఆవిడ కూర కలుపుతూ అవన్నీ చదివేది. చదవాలని చదివేది కాదు. డిగ్రీ దాకా చదువుకున్న మనిషి కళ్ళెదురుగా అంతంత అక్షరాలుంటే చదవకుండా ఎలా ఉంటుంది?

"కడిగీ కడగ్గానే స్విచ్ వేసెయ్యాలా? తుడవక్కర్లేదూ?" అనేది గిన్నెతో.

"అక్కడికే వస్తున్నా," అనేవాడు ఆయన తెరతో.

టకటకా మీటలు మోగేవి. తెర మీద 'పొడి బట్టతో తుడవండి' ప్రత్యక్షమయ్యేది.

"విప్పిన మూత విప్పినట్టే ఉంచితే దుమ్ము పడుతుంది కాబోలు."

"అక్కడికే వస్తున్నానోయ్!"

పదిహేడేళ్ళలో ఒక్కనాడైనా "అవును సుమా, మర్చిపోయాను" అన్న పాపాన పోలేదు. ఎప్పుడు చూసినా అక్కడికే వస్తుండేవాడు. ఆయన వచ్చేలోపు ఆవిడే తొందరపడి నోరు జారినట్టు. తను చదువుతున్నానని ఆవిడ ఒప్పుకోలేదు, ఆవిడ చదవడం తనకి కావాలని ఆయనా ఒప్పుకోలేదు. ఇద్దరూ ఎదురుబదురు వాటాల్లో ఉండి, పలకరించుకోకుండానే ఒకరి బట్టలు ఒకరు వానకి తడవకుండా లోపల వేసే ఇరుగుపొరుగుల్లా నడిపించుకొచ్చారు.

కంపెనీలో పుస్తకాల సంగతి చూసే మేడం ఓసారి ఫోన్ చేసి, "వేరేవాళ్ళు రాస్తే యంత్రం అర్థమవుతుందండీ. మీరు రాస్తే దాన్ని వాడడం అర్థమవుతుంది," అందిట. ఆ ముక్క ఆయన భోజనం దగ్గర రెండుసార్లు చెప్పాడు. "ఇంట్లో ఒక్క చొక్కా ఉతికిన మొహం కాదు, ఎలా తెలుస్తుందో మరి," అంది ఆవిడ. ఆయన వినిపించుకోనట్టు మంచినీళ్ళు తాగి, గ్లాసు కిటికీలో పెట్టాడు.

ఇంతకీ ఆ కంప్యూటర్‌ని వెళ్ళగొట్టింది ఎవరనుకున్నారు? ఆవిడే.

ఆవిడకి భోజనాల బల్ల మీద మనసు పడింది. ఇంట్లో ముగ్గురే. ఆయన కంప్యూటర్ ముందు తింటాడు, కూతురు బ్యాంకు నుంచి వచ్చి మంచం మీద తింటుంది, ఆవిడ వంటింటి గట్టు దగ్గర నిలబడే తింటుంది. అందరూ కలిసి కూర్చునే బల్ల ఉంటే, కనీసం పూటకోసారైనా మొహాలు చూసుకోవచ్చని ఆశ. బల్ల పట్టే చోటు ఇంటి మొత్తంలో ఒక్కటే ఉంది. అందులో పదిహేడేళ్ళుగా ఓ డబ్బా మూలుగుతోంది.

"లాప్‌టాప్ అయితే ఎక్కడ పడితే అక్కడ కూర్చోవచ్చుట," అని మొదలుపెట్టింది. 

"నాకు ఎక్కడ పడితే అక్కడ పనేముంది?" అన్నాడు ఆయన.

"కుక్కర్ మోతకి పని సాగట్లేదని పొద్దస్తమానం గొణుగుతారుగా."

"గొణుక్కోవడం వేరు, సాగకపోవడం వేరు."

ఆవిడ వదల్లేదు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి, మందు వేసినట్టు వేసింది. నడుము నొప్పి సంగతి ఎత్తింది. కరెంటు సంగతి ఎత్తింది. చివరికి కూతురి చెవిలో వేసింది. ఆ పిల్ల తండ్రి పుట్టినరోజుకి పల్చటి లాప్‌టాప్ ఒకటి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఇక నువ్వు బాల్కనీలో గాలి పీలుస్తూ రాసుకోవచ్చు నాన్నా," అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో కంప్యూటర్ ఎక్కడుంది?" అన్నాడు. తల్లీ కూతుళ్ళు పడీపడీ నవ్వారు. ఆయన నవ్వలేదని ఆ నవ్వులో గమనించలేదు.

పాతదాన్ని తీసుకుపోవడానికి కంప్యూటర్ డాక్టరు వచ్చాడు. డాక్టరంటే డాక్టరు కాదు, బజారు చివర మరమ్మతు కొట్టు ఆయన. చెవి వెనక స్టెతస్కోపులా స్క్రూడ్రైవర్ పెట్టుకు తిరుగుతాడని ఆ పేరు. డబ్బా మీద చెయ్యేసి, "పింఛను ఇచ్చి పంపాల్సిన మనిషమ్మా ఇది," అన్నాడు. ఫైళ్ళన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడానికి రెండు గంటలు పట్టింది. ఆవిడ గ్లాసులు కడుగుతోంది. మధ్యలో తల తిప్పి చూస్తే, డాక్టరు తెర మీద వేలు పెట్టి ఏదో అడుగుతున్నాడు. ఆయన వంటింటివైపు ఓసారి చూసి, ఏదో చెప్పి, తల అడ్డంగా ఊపాడు. కుళాయి చప్పుడులో ఆవిడకి వినపడలేదు. ఏదో యంత్రాల గొడవ అనుకుంది.

డబ్బా లేచాక గోడ మీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ తేలింది. ఆవిడ ఆ మచ్చని కొలత చూసుకుంది, బల్ల సరిపోతుందా అని.

సరిపోయింది. నాలుగు కుర్చీలూ సరిపోయాయి. మొదటి నాలుగు రోజులూ ఆవిడ దాన్ని తుడిచిందే తుడిచింది. మూడో రోజు పొద్దున ఆయన లాప్‌టాప్ చంకలో పెట్టుకొచ్చి, ఆ బల్ల దగ్గరే, వంటింటికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఏమండీ! కొత్త బల్ల, గీతలు పడిపోతాయి! ఒళ్ళో పెట్టుకోవడానికే కదా దాన్ని కొన్నది?"

"అలాగా," అని లేచి బాల్కనీలోకి వెళ్ళాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి కింద పరుచుకోవడానికి పాత పేపరు కూడా తెచ్చుకున్నాడు. పేపరు మడతలు సాపు చేస్తుంటే, ఆవిడ చేతిలో గిన్నెతో వచ్చి, "తినే వేళకి ఇక్కడ దుకాణం తెరిచారా?" అంది. నవ్వుతూనే అంది. ఆయన పేపరు మడిచి తీసుకుపోయాడు. మూడోసారి రాలేదు.

ఆ తర్వాత ఆయన ఇంట్లో ఎక్కడుంటాడో చెప్పడం కష్టమైపోయింది. పొద్దున బాల్కనీ, మధ్యాహ్నం పడగ్గది, సాయంత్రం సోఫా. భోజనం కూడా అక్కడికే. నాలుగు కుర్చీల్లో మూడింటి మీద ఇస్త్రీ బట్టలు చేరాయి. కొత్తది మూత తెరిస్తే చాలు, మూలగకుండా, గరగరలాడకుండా వెలుగుతుంది, కాబట్టి టీ కోసం ఎవరూ ఆగక్కర్లేదు. రెండు మూడు రోజులు ఆవిడ అలవాటు కొద్దీ పెట్టి, గ్లాసు పట్టుకుని గదిగదీ వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన అప్పటికే పనిలో మునిగి ఉండేవాడు. "అక్కడ పెట్టు," అనేవాడు. తర్వాత చూస్తే గ్లాసు మీద మీగడ కట్టి ఉండేది.

వింతేమిటంటే, అక్షరాలు చిన్నవైపోయాయి. ఓసారి వెనకనుంచి పోతూ చూస్తే, చీమలు బారుకట్టినట్టు తెర నిండా ముప్ఫై నలభై లైన్లున్నాయి. "కళ్ళు బాగుపడ్డాయే!" అంది. "ఆఁ," అన్నాడు.

పొయ్యి దగ్గర నిలబడితే ఇప్పుడు ఎదురుగా బల్ల, బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద ఖాళీ గిన్నె. కావాలని తెచ్చుకున్నదే. అయినా కూర కలుపుతూ చూస్తే అందులో చదవడానికి ఏమీ లేదు. ఇంటి పని చేసే మనిషికి తను ఇంకో పని కూడా చేస్తోందని ఆ పని పోయాకే తెలిసింది. తెలిసినా చెప్పుకునే దారి లేదు. పంతం పట్టి తీయించింది తను. అధికారికంగా తను ఎన్నడూ ఏదీ చదవలేదాయె.

"ఈమధ్య ఏం రాస్తున్నారు?" అని అడిగింది ఓ రోజు, తలుపు గడియ తుడుస్తున్నట్టు నిలబడి.

"మిక్సీ."

"ఎలాంటి మిక్సీ?"

"పళ్ళరసం తీసేది. ఇంజనీర్లు నోట్సు పంపారు." అని తల ఎత్తి చూశాడు. ఇంకేదో అడుగుతుందేమో అన్నట్టు చూశాడు. చదివి పెట్టనా అని తను అనొచ్చు. చదివి పెట్టు అని ఆయన అనొచ్చు. గడియ అప్పటికే తళతళలాడుతోంది. ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం ఆయన లాప్‌టాప్ సోఫాలో తెరిచి పెట్టి స్నానానికి వెళ్ళాడు. ఆవిడ దిండ్లు సర్దడానికి వంగింది. దిండ్లు సర్దడానికే. తెర మీద 'శుభ్రం చేసే పద్ధతి' అని ఉంది. కళ్ళజోడు తెచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చుంది.

ఒకటి, ప్లగ్గు తీసేయండి. రెండు, జారు తలకిందులు చేసి అడుగుభాగాన్ని ఎడమవైపుకి తిప్పి విప్పండి. మూడు, బ్లేడును జాగ్రత్తగా బయటికి తీయండి. నాలుగు, బ్లేడు కింద ఉన్న రబ్బరు రింగును వేలితో తీసి, గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టండి. ఐదు, బ్లేడును తిరిగి అమర్చి, అడుగుభాగాన్ని గట్టిగా బిగించండి.

ఆవిడకి ముందు నవ్వొచ్చింది. రింగు ఏదీ? రింగు కిటికీలో ఆరుతోంది! తన మొగుడు మిక్సీని కూడా తన దారిలో పెట్టేశాడు. ఆ రింగు లేకుండా బిగిస్తే అడుగునుంచి కారుతుందని, కారింది తిన్నగా మోటారులోకి పోతుందని, రోజూ మిక్సీ కడిగే చేతులకి తెలుసు. ఇంజనీర్ల నోట్సులో లేనట్టుంది. వాళ్ళకీ అది చెప్పే పనిలేనంత మామూలు సంగతి అయుంటుంది.

"ఏం చూస్తున్నావ్?" తువ్వాలుతో తల తుడుచుకుంటూ ఆయన వచ్చాడు.

నోటి చివరిదాకా వచ్చింది. 'రింగు ఎవరు పెడతారు, మీ నాన్నగారా?' అనే వాక్యం తయారుగానే ఉంది. కానీ ఆయన వచ్చినవాడు వచ్చినట్టే లాప్‌టాప్ అందుకుని, తెర తనవైపు తిప్పుకున్నాడు. ఏముంది, అలవాటుగా తిప్పుకున్నాడు. ఆవిడకి మాత్రం మొహం మీద తలుపు వేసినట్టనిపించింది.

"ఏం లేదు. దుమ్ము తుడుస్తున్నా," అంది.

వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది. అక్కడికే వస్తాడుగా, రానీ, అనుకుంది. ఎప్పుడూ ఆయన అక్కడికే వస్తున్న మనిషాయె. లేదా, ఒక్కసారి, పదిహేడేళ్ళకి ఒక్కసారి నోరు తెరిచి, 'ఇది కాస్త చూసి పెట్టవోయ్' అని అడగనీ. ఒక్క మాట. అడిగితే అప్పుడే చెబుతుంది, నవ్వుతూ చెబుతుంది, టీ పెట్టి మరీ చెబుతుంది.

ఆయన అడగలేదు. రెండు రోజులు పోయాక, "మిక్సీ అయిపోయిందా?" అని తనే అడిగింది.

"పంపేశాను."

కంపెనీలో అంతమంది ఉన్నారు, ఎవరో ఒకరు చూస్తారులే అని సర్దిచెప్పుకుంది. అచ్చు వేసేముందు చూడకుండా ఉంటారా, అనుకుంది.

చూడలేదు. మూడు నెలల తర్వాత ఓ ఉదయం మేడం ఫోన్ చేసింది. ఫోను కూడా ఇప్పుడు లాప్‌టాప్‌లోనే కాబట్టి, బాల్కనీలోంచి ఆ మాటలు ఇల్లంతా వినపడ్డాయి. కొన్నవాళ్ళలో పుస్తకం చూసి బుద్ధిగా కడిగినవాళ్ళందరి ఇళ్ళలోనూ రసం గట్టు మీదికి కారిందిట. చాలామందివి మోటార్లు కాలిపోయాయిట. చదవకుండా సొరుగులో పడేసినవాళ్ళే బతికిపోయారు.

"మీ తప్పని అనట్లేదండీ," అంటోంది మేడం. ఆ గొంతులో కోపం కూడా లేదు. "నోట్సులోనే లేదు. కాకపోతే నోట్సులో లేకపోయినా మీరు రాస్తారు కదా ఎప్పుడూ. ఆ ధైర్యంతోనే ఇక్కడ మేమెవ్వరం చూడలేదు."

ఆవిడ కుళాయి కట్టేసి వింటోంది.

"ఇక నుంచి బొమ్మలతోనే సరిపెడదామంటున్నారు పైవాళ్ళు. మాటలు లేకుండా. మీ వల్లని కాదు, ఎప్పటినుంచో అనుకుంటున్నదే."

"సరేనండీ," అన్నాడు. మూత మూసిన చప్పుడు కూడా రాలేదు. ఆ యంత్రంలో దేనికీ చప్పుడుండదు.

పోట్లాడి ఉంటే బాగుండేది. ఇంజనీర్లని తిట్టినా, లాప్‌టాప్‌ని తిట్టినా, ఎవరు కొనిపించారో వాళ్ళని తిట్టినా ఆవిడకి ఊపిరాడేది. ఆయన తన తలనే అనుమానించడం మొదలుపెట్టాడు. "వయసు మీద పడింది. బుర్ర జారిపోతోంది," అన్నాడు కూతురితో, వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా. "ఇన్నేళ్ళూ ఒక్కటి తప్పిపోలేదు. ఇదెలా తప్పిపోయిందో చూడు."

"అందరికీ అవుతాయి నాన్నా."

"అందరికీ కాదు. నాకు కాలేదు కదా ఇప్పటిదాకా."

ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఓ వింత జరిగింది. కత్తెర కత్తెర ఉండాల్సిన చోట కనిపించింది. సీసాలకి మూతలొచ్చాయి. తువ్వాలు దండెం మీదికి ఎక్కింది, అదీ మూలలు సరిచేసి మరీ. ఆయన ఏది తీసినా కాసేపు చేతిలో పట్టుకుని, ఎక్కడినుంచి తీశాడో ఆ చోటు కేసి చూసి, గుర్తుపెట్టుకుని, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. పెట్టాక వెనక్కొచ్చి ఇంకోసారి చూసేవాడు. వీధి తలుపు గడియ రెండుసార్లు, గ్యాసు మీట మూడుసార్లు. పాతికేళ్ళు ఆవిడ గొంతు చించుకుని అడిగినదంతా నాలుగు రోజుల్లో జరిగిపోయింది. ఇల్లు అద్దంలా ఉంది. ఆ అద్దంలో ఆవిడ తన మొహం చూసుకోలేకపోయింది.

ఓ రోజు గ్యాసు మీట దగ్గర ఆయన పెదవులు కదపడం చూసింది. లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ సాయంత్రమే ఆవిడ చెప్పులేసుకుని బజారు చివరికి నడిచింది.

కంప్యూటర్ డాక్టరు ఏదో విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. "రండమ్మా. లాప్‌టాప్ ఏమైనా ఏడిపిస్తోందా?"

"పాతది కావాలండీ. మా పాత కంప్యూటర్. తిరిగి ఇచ్చేస్తారా?"

డాక్టరు స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టుకున్నాడు. "ఇంకెక్కడిదమ్మా? విప్పేశానుగా. ఫ్యాను ఒకళ్ళకి, డిస్కు ఒకళ్ళకి. మానిటరు జిరాక్సు కొట్లో ఉంది. డబ్బా రేకు మాత్రం మిగిలింది, కావాలంటే చూడండి." అని బల్ల కింద చూపించాడు. అందులో స్క్రూలు పోసి ఉన్నాయి.

ఆవిడ ఆ రేకు కేసి చూస్తూ నిలబడిపోయింది. డాక్టరే అందుకున్నాడు. "అన్నట్టు, సారు అక్షరాలు మళ్ళీ పెద్దవి చేసుకున్నారా? ఆ రోజు నేనే అడిగాను, పాతదాంట్లో నాలుగింతలు పెట్టుకున్నారు, ఇందులోనూ అలాగే పెట్టమంటారా అని. వద్దన్నారు."

"ఆయన కళ్ళు..."

"కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. సన్న అక్షరాలు నాకంటే ముందే చదివేశారు. నేనూ అదే అన్నాను. అంటే, 'అది నాక్కాదయ్యా, పొయ్యి దగ్గరికి కనపడాలని' అన్నారు." డాక్టరు నవ్వాడు. "'పదిహేడేళ్ళు నిలబడే చదివింది పాపం. ఇప్పటికైనా కూర్చుని తినాలని బల్ల కొనుక్కుంటోంది, ఇక నా బెడద ఎందుకు, మామూలు సైజు పెట్టెయ్' అన్నారు. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదనుకోండి."

తిరిగొచ్చేటప్పుడు జిరాక్సు కొట్టు దారిలోనే ఉంది. ఆ మానిటరు గల్లా పక్కన ఉంది. అంచున తను అంటించిన తెల్ల కాగితం ముక్క ఇంకా అలాగే ఉంది, తడి చేత్తో ముట్టుకోవద్దని రాసింది. తెర మీద ఎవరివో ధ్రువపత్రాలు చిన్న చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన భోజనాల బల్ల దగ్గర ఉన్నాడు. కుర్చీల మీది ఇస్త్రీ బట్టలు బీరువాలోకి చేర్చి, బల్ల మీది గుడ్డ మడిచి ఓ కుర్చీ మీద పెట్టి, కింద పేపరు పరిచి, దానిమీద తను రాసిన పాత పుస్తకాలన్నీ పరుచుకున్నాడు. ఇస్త్రీపెట్టె, హీటరు, బట్టలుతికే మిషను. వీపు వంటింటివైపే ఉంది.

"ఇది చూడు," అన్నాడు తల ఎత్తకుండా. "ఇస్త్రీపెట్టె. 'మిగిలిన నీళ్ళు పారబోశాకే లోపల పెట్టండి.' ఎంత చక్కగా రాశానో. ఇది వాక్యూమ్ క్లీనరు, 'సంచి దులిపి తిరిగి తగిలించండి.' అప్పుడివన్నీ ఎలా తట్టాయి? ఆ రింగు ఎందుకు తట్టలేదు?" కణత మీద వేలితో తట్టుకున్నాడు. "దీన్ని ఓసారి డాక్టరుకి చూపించుకుంటే మంచిదేమో. ఆ స్క్రూడ్రైవర్ డాక్టరుకి కాదులే."

జోకు వేసి తనే నవ్వబోయి మానేశాడు. ఆవిడ చెప్పులు విడవడం కూడా మర్చిపోయి ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆ బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"మీ తలకి ఏమీ కాలేదు," అంది.

"నీకేం తెలుసు?"

"తెలుసు. ఆ రోజు లాప్‌టాప్ సోఫాలో పెట్టి స్నానానికి వెళ్ళారు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. నాలుగో అంకెలో రింగు తీయించారు. ఐదో అంకెలో పెట్టించలేదు."

ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె పుస్తకం ఉంది. దాన్ని తీసిన చోటు కోసం వెతికి, అక్కడ పెట్టి, అంచు సరిచేశాడు. "అంటే, పంపకముందే?"

"పంపకముందే. రెండు రోజుల ముందు."

"దుమ్ము తుడుస్తున్నానన్నావు."

"అన్నాను."

"మరి చెప్పొద్దటోయ్?" గొంతు పెరగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగాడు. "నేను ఊరికే... నువ్వు చూస్తే చెబుతావు కదా అనుకుంటాను ఎప్పుడూ. సోఫాలో అందుకే కదా..." అని ఆగిపోయాడు.

సోఫాలో తెరిచి పెట్టింది అందుకన్నమాట. స్నానానికి పోయే మనిషి మూత మూయలేదేమని ఆవిడకి అప్పుడు తట్టనే లేదు, తీసింది తిరిగి పెట్టని మనిషేగా అనుకుంది. ఎదురుగా పొయ్యి కనిపిస్తోంది. అక్కడినుంచి ఈ బల్లకి ఎంతో దూరం లేదు. నాలుగడుగులు. చెప్పాల్సింది ఒక్కటే. పదిహేడేళ్ళుగా తప్పు ఒప్పుకునే మాట ఆయన ఎందుకు అనలేకపోయాడో ఇప్పుడు అర్థమవుతోంది. చిన్న మాటే, రెండు ముక్కలు. నోట్లో పెట్టుకుంటే మాత్రం రాయంత బరువుంది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు మళ్ళీ.

"అక్కడికే వస్తున్నానండీ," అంది ఆవిడ. బల్ల మీది పేపరు మడత ఒకటి వేలితో సాపు చేసింది. అది మళ్ళీ లేచింది. "మీరు ఒక్కసారి అడగాలని చెప్పలేదు. మీరెప్పటినుంచో అడుగుతూనే ఉన్నారు, అంతంత అక్షరాల్లో. నాకే కనపడలేదు. కంప్యూటర్ తీయించడం తప్పు. ఈ బల్ల దగ్గర్నుంచి మిమ్మల్ని రెండుసార్లు లేపడం తప్పు. చూసి కూడా నోరు మూసుక్కూర్చోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. మీ బుర్రది కాదు. నాది. తప్పు నాది."